బాలిద్వీపంలో మా చెల్లెలి కాపురం

(మన సంఘం కార్తిక మాస గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మెట్రిక్ ప్యాసై, నాన్నగారు పోయిన తరువాత రైల్వేలో చేరి, ఈ ఖుర్దారోడ్డులో బిల్లులు, రిజిస్టర్లు చూసుకొనే గుమాస్తాను. నిలబడి మాట్లాడడం కంటె కూర్చుని వ్రాయడం అలవాటైనవాణ్ణి. అయినా మన కార్యదర్శిగారు నెలరోజులుగా నన్ను విడిచిపెట్టలేదు. "కార్తికమాసం వచ్చింది. అందరూ కటకం బాలిజాత్రకు పోతారు. నువ్వు బాలికే పోయి వచ్చినవాడివి. చూసింది చూసినట్లు చెప్పు, చాలు" అన్నారు. అందుచేత ఈ సాహసం. తప్పులుంటే మన్నించవలసింది.

కార్తిక పౌర్ణమినాడు తెల్లవారుజామున మన ఓడియా సోదరులతో పాటు మనమూ అరటి డొప్పలతో పడవలు చేసి, దీపం పెట్టి, చెరువులో వదులుతూ ఉంటాము. పూర్వం కళింగ వర్తకులు ఈ మాసంలో గాలి తిరగగానే బాలి, జావా, సుమత్రా ద్వీపాలకు ఓడలెక్కేవారని, దాని జ్ఞాపకమే ఈ పండుగ అని చెబుతారు. ఇది ఉత్త కథ కాదు. బాలి ఉత్తర తీరంలో సెంబిరాన్ అనే ఊరివద్ద 1980 దశకంలో తవ్వకాలు జరిపితే రెండువేల ఏండ్లనాటి మన దేశపు మట్టిపాత్రల పెంకులు దొరికినవి. అయితే మన పిల్లలను బాలి ఎక్కడ అని అడిగితే, మహానది ఒడ్డున ఠుంకాపూరీ, దహీబరా ఆలూదమ్ అమ్మే చోటు అని చెబుతారు. మా చెల్లెలు అక్కడ కాపురం పెట్టేవరకు నాకు తెలిసిన బాలి కూడ అంతే.

మా బావ వంటమాస్టరు. బరంపురం మనిషి. 2016లో బాలిలో ఒక హోటలులో మన దేశపు వంటలు చేసే పనికి కుదిరి వెళ్ళాడు. 2018లో మా చెల్లెలిని పెళ్ళిచేసుకొని తీసుకుపోయాడు. 2020లో మహమ్మారి వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ మొదట్లోనే ఇండోనీషియా ప్రభుత్వం విదేశీయాత్రికులకు తలుపులు మూసివేసింది. 2019లో 62 లక్షలకు పైగా విదేశీయులు వచ్చిన ద్వీపానికి మరునాటినుండి వచ్చేవారే లేరు. హోటలు మూతపడింది. జీతం సగమైంది. తరువాత ఆ సగంలో సగమైంది. ఆ రోజులలోనే, 2021లో, మా మేనకోడలు అక్కడ పుట్టింది. ఇక్కడ మా అమ్మ కంటికి నిద్ర లేదు. చివరకు 2023లో, "నువ్వు పోయి దాన్ని, పిల్లనూ తీసుకురా. అతనికి ఇక్కడే ఎక్కడైనా పని చూడు" అని నాకు ఆజ్ఞ ఇచ్చింది. భువనేశ్వరంలో ఒక హోటలు యజమానితో మాట్లాడి, బావకు ఉద్యోగం ఖాయం చేసుకొని, ఆఫీసులో అభ్యంతరం లేదనే పత్రం పుచ్చుకొని, ఇరవై రోజుల సెలవుపై మార్చి మొదటివారంలో బయలుదేరాను. కనుక నేను వెళ్ళింది ద్వీపం చూడడానికి కాదు, చెల్లెలిని వెనక్కి తీసుకురావడానికి. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

కలకత్తా మీదుగా, కౌలాలంపూరులో విమానం మారి, దెన్‌పసర్‌లో దిగాను. విమానాశ్రయంలో ఒక బల్లవద్ద 5 లక్షలు కట్టమన్నారు. నా జన్మలో ఒక్కసారిగా అంత సొమ్ము కట్టి ఎరుగను. గుండె ఝల్లుమన్నది. తరువాత తెలిసింది, అది వారి రుపియాలలో. మన రూపాయికి ఆనాడు ఇంచుమించు 185 రుపియాలు. అంటే మన లెక్కలో 2,700 రూపాయలు. దానికి 30 రోజులు ఉండనిస్తారు. గడువు దాటి ఒక్కరోజు ఉంటే రోజుకు 10 లక్షల రుపియాలు జరిమానా. బావ బజారులో కూరలకు లక్ష, ఇంటికి బియ్యానికి రెండు లక్షలు అని చెబుతూ ఉంటే, గుమాస్తాగిరీ చేసినవాణ్ణి గనుక ప్రతిసారీ మనసులో సున్నాలు కొట్టివేసుకోలేక అలసిపోయాను.

ఇంకొక చిత్రం. ఆ దీవిలో రైలు లేదు. 43 లక్షల జనం, ఏటా దాదాపు అంతకు మించిన యాత్రికులు, ఒక్క ప్యాసింజరు బండి లేదు. అందరూ స్కూటర్లే. తల్లి, తండ్రి, ఇద్దరు బిడ్డలు, మధ్య పూలగంప, అన్నీ ఒక స్కూటరు మీద. తెల్లవారుజామున ఇంజను కూత వినపడని ఊళ్ళో నాకు మూడు రోజులు మెలకువ రాలేదంటే నమ్మండి.

మా చెల్లెలి ఇల్లు సానూరులో. తూర్పు సముద్రపు ఒడ్డు. అక్కడ 1966లో పది అంతస్తుల పెద్ద హోటలు ఒకటి తెరిచారు. దాన్ని చూసి జనం గగ్గోలు పెడితే, తరువాత ఏ కట్టడమూ కొబ్బరిచెట్టు ఎత్తును, అంటే 15 మీటర్లను మించరాదని నియమం పెట్టారు. అందువల్ల ఈనాటికీ సానూరులో తలెత్తితే ఆకాశమూ కొబ్బరిమట్టలూ కనిపిస్తాయి. చెల్లెలిది పెద్ద ఇంటి ఆవరణలో వెనుకవైపు రెండు గదులు. ముందు భాగంలో ఇంటివారు. ఇంటావిడను అందరూ ఇబు అని పిలుస్తారు. అమ్మ అని అర్థం. ప్రతి ఇంట్లోనూ ఈశాన్యమూలగా చిన్న చిన్న గుళ్ళు ఉంటాయి. తెల్లవారగానే ఇబు లేత కొబ్బరాకుతో కుట్టిన చిన్న పళ్ళెంలో నాలుగు రంగుల పువ్వులు, నాలుగు మెతుకులు పెట్టి, అగరువత్తి వెలిగించి, గుడివద్ద, గుమ్మంవద్ద, వీధిలో కూడ పెట్టి వస్తుంది. దాన్ని చనాంగ్ సారి అంటారు. కొత్తగా వచ్చిన దొరలు తెలియక తొక్కిపోతూ ఉంటారు. ఆవిడ ఏమీ అనదు. మళ్ళీ మరునాడు పెడుతుంది.

భాష విషయం చెప్పకపోతే లోటు. మొదటిరోజు బావ ఎవరితోనో ఫోనులో "ఇస్త్రి ఇంట్లో ఉంది" అనే అర్థంవచ్చే మాట అంటూ ఉంటే, బట్టలు చాకలికి వేయకుండా ఇంట్లోనే ఇస్త్రీ చేసుకొంటారు కాబోలు అనుకొన్నాను. అక్కడ ఇస్త్రి అంటే భార్య! భర్త సుఆమి. మన స్వామి శబ్దమే. మాట్లాడేది బహాస, పాపం దోస, పుణ్యఫలం పహాల, అద్దం కాచ. అన్నిటికంటె నన్ను ఆకట్టుకొన్న మాట దేశ. అక్కడ దేశ అంటే ఊరు. మనకు దేశమంటే పటంలో గీసిన పెద్ద గీత. వారికి దేశమంటే తాను పుట్టిన పల్లె. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ దీనివద్దకే వస్తాను.

ఇక విదేశీయుడి కాపురం ఎట్లా ఉంటుందో చెబుతాను. బాలిలో విదేశీయులు రెండు రకాలు. వారం పదిరోజులు సముద్రంలో ఈది, ఎండలో పడుకొని పోయేవారు ఒకరు. కాగితాలు పుచ్చుకొని కాపురం ఉండేవారు ఇంకొకరు. ఇందులో డబ్బుగల తెల్లవారూ ఉన్నారు, మా బావలాంటి చేతిపనివారూ ఉన్నారు. అందరికీ ఒక కాగితమే ఆధారం. దాన్ని కితాస్ అంటారు. మా బావకు ఏడాదికి ఒకసారి మార్చాలి. అతన్ని పనిలో పెట్టుకొన్నందుకు యజమాని నెలకు 100 డాలర్ల చొప్పున ప్రభుత్వానికి కట్టాలి. ఉద్యోగం పోతే కాగితం పోతుంది. కాగితం పోతే ఇల్లు పోతుంది. మా చెల్లెలు అతని మీద ఆధారపడిన మనిషిగా ఉన్నది గనుక కూలికి పనిచేయరాదు. ఇక్కడ ఉండగా రైల్వే కాలనీ పెళ్ళిళ్ళకు రవికెలు కుట్టి చేతిఖర్చులు సంపాదించుకొన్న పిల్ల అక్కడ కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఉంచింది. భూమి కొనే మాటే లేదు. 1960లో వారు చేసుకొన్న భూచట్టం ప్రకారం సొంతహక్కు ఇండోనీషియా పౌరులకే. విదేశీయుడు గడువు పెట్టుకొని కౌలుకు ఉండవలసిందే. పిల్ల అక్కడ పుట్టినా అక్కడి పౌరురాలు కాదు. దెన్‌పసర్‌లోని మన దేశపు కాన్సలేటులో పేరు వ్రాయించి, మన పాస్‌పోర్టు తీసుకొన్నారు. మన టిక్కెట్ల భాషలో చెప్పాలంటే ఆర్.ఏ.సి. ప్రయాణం. బండిలో కూర్చోవచ్చు, గమ్యానికీ చేరవచ్చు, కాని కాళ్ళు చాపుకొనే వీలు లేదు.

ఈ కాగితం సంగతి ఈనాటిది కాదు. వాల్టర్ స్పీస్ అని ఒక జర్మను చిత్రకారుడు 1927లో బాలికి వచ్చి ఉబుద్‌లో ఇల్లు కట్టుకొన్నాడు. అక్కడి సంగీతం నేర్చాడు, చిత్రకారులకు తోడయ్యాడు. ఉబుద్ పేరు లోకానికి తెలియడంలో ఆయనకు పెద్ద పాలు ఉన్నది. 1940లో హిట్లరు సైన్యం హాలెండు మీద పడగానే, ద్వీపాలను ఏలుతున్న డచ్చి ప్రభుత్వం జర్మనులందరినీ నిర్బంధించింది. ఆయన పాస్‌పోర్టు జర్మనీదే గదా. 1942 జనవరిలో ఖైదీలను ఓడమీద తీసుకుపోతూ ఉండగా జపాను విమానం బాంబు వేసింది. సముద్రంలో మునిగి మరణించాడు. ఇన్ని ఏండ్ల ప్రేమ ఒక కాగితానికి ఆగలేదు. మరొకవైపు మన బిజూ పట్నాయక్ గారిని చూడండి. 1947 జూలైలో డచ్చివారి కన్నుగప్పి తన విమానంలో ఇండోనీషియా నాయకుడు షహ్రీర్‌ను ఢిల్లీకి చేర్చారు. ఆ దేశం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చి, భూమిపుత్ర అని బిరుదు ఇచ్చింది. ప్రాణానికి తెగించి ఒక పని చేస్తే పరాయివాడు కూడ భూమిపుత్రుడయ్యాడు. మా బావ పట్నాయక్ గారు కాడు, మనలో ఎవరమూ కాము. వంట చేసుకొనేవాడు, గుడ్డలు కుట్టుకొనేది ఒక ఊరికి ఎట్లా చెందుతారు? నన్ను వేధించిన ప్రశ్న ఇది.

బాలిలో ఊరు చాల బలమైనది. పేటకొక బంజార్ ఉంటుంది. పెళ్ళయిన ప్రతి మగవాడూ అందులో సభ్యుడు. చావుకు, పెళ్ళికి, గుడి ఉత్సవానికి అందరూ చేయి వేయవలసిందే. రాకపోతే జరిమానా. బంజార్ మండపం పక్కన ఎత్తయిన గోపురంలో కుల్కుల్ అని దొలిచిన కొయ్య మోకు వేలాడుతూ ఉంటుంది. ఒక రకంగా కొడితే సభ, ఇంకొక రకంగా కొడితే మరణం. ఒకనాడు మధ్యాహ్నం నేను ఉండగా ఆ కొయ్య మోగింది. ఇబు చేతిలో పని వదిలిపెట్టి, నడుముకు గుడ్డ కట్టుకొని బయలుదేరింది. ఆవిడ భర్త, కొడుకు, ఎదురింటివారు అందరూ పోయారు. వీధి ఖాళీ. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తున్నది. "నువ్వు పోవా?" అని అడిగాను. "మనల్ని పిలవరన్నయ్యా. మనం తమియు" అన్నది. తమియు అంటే వారి భాషలో అతిథి. ఆచార గ్రామానికి చెందనివారికి 2019లో చేసిన బాలి చట్టంలో కూడ అదే పేరు.

అతిథి అనే మాట మనకెంతో గొప్పది. కాని ఐదేండ్లు అతిథిగా ఉండి చూడండి. అక్కడివారు చెడ్డవారు కారు, సుమా. మహమ్మారి రోజుల్లో బావ జీతం ఆగినప్పుడు ఇబు మూడు నెలలు అద్దె అడగలేదు. తమ పొలంనుండి బియ్యం, పెరటినుండి బొప్పాయికాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేది. పుట్టిన పిల్లకు మొదటి స్నానం చేయించింది ఆవిడే. అన్నీ ఇచ్చారు. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. ఏ పనీ చెప్పలేదు. మా చెల్లెలు ఉత్సవానికి కొబ్బరాకులు కుడతానని ముందుకు పోతే, నవ్వి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చేవారట. మనదీ హిందూమతమే గదా అనుకొంటాము. దేవుళ్ళ పేర్లు అవే. కాని అక్కడ గుడి ఊరిది, ఇంటిగుడి వంశానిది. ఏ ఊరూ, ఏ వంశమూ లేనివారికి దణ్ణం పెట్టుకొనే వీలు ఉన్నది గాని మోసే బరువు లేదు.

ఈ మధ్యలో వారి కొత్త సంవత్సరం దగ్గరపడింది. దాని పేరు న్యేపి. వారిదీ మన శకమే. 2023లో ఆశ్చర్యంగా న్యేపి, మన ఉగాది ఒకే రోజు వచ్చినవి, మార్చి 22న. మనకూ వారికీ ఆనాటితో మొదలైనది శకం 1945. అధికమాసాల లెక్క వేరు గనుక ప్రతి యేడూ ఇట్లా కలవవు. 2026లో మళ్ళీ రెండు పండుగలనూ పంచాంగాలు మార్చి 19నే చూపుతున్నవి.

న్యేపికి ముందురోజు రాత్రి భూతాల బొమ్మలను ఊరేగిస్తారు. వెదురు, కాగితాలతో రెండు నిలువుల ఎత్తున చేస్తారు. ఓగో-ఓగో అంటారు. వాటిని చేసేది బంజార్ కుర్రవాళ్ళు. ఉగాదికి వారంరోజుల ముందు, సాయంత్రం, ఇబు మా గుమ్మంలోకి వచ్చింది. చంకలో నలుపు తెలుపు గళ్ళ గుడ్డ తాను ఒకటి. బాలిలో చెట్లకు, విగ్రహాలకు చుట్టేది ఆ గుడ్డే. మిషను మీద కప్పిన గుడ్డవైపు చూపించి, బొమ్మకు కట్టే వస్త్రానికి అంచులు కుట్టాలి, మా కుట్టుమనిషికి జ్వరం, నీకు వచ్చు గదా, కుట్టిపెట్టు అన్నది. బతిమాలడం లేదు, మొగమాటం లేదు. ఇంటి కోడలికి చెప్పినట్లు చెప్పి, తాను అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

ఆనాడు మా చెల్లెలి మొగం మీరు చూడవలసింది. పెళ్ళినాడు కూడ అంత వెలుగు లేదు. మిషనుకు నూనె వేసింది. నాలుగు రాత్రులు కూర్చుని కుట్టింది. డబ్బు మాట లేదు. ఊరేగింపు రాత్రి కూడలిలో వేలమంది జనంలో ఆ భూతం కోరలు చూపుతూ గిరగిర తిరుగుతూ ఉంటే, అందరూ కోరలవైపు చూస్తున్నారు. మా చెల్లెలు మాత్రం అంచు ఎక్కడైనా విడిపోతుందేమో అని చూస్తున్నది.

మరునాడు ఉదయం 6 గంటలనుండి ఆ మరునాడు ఉదయం 6 గంటలవరకు న్యేపి. నిప్పు వెలిగించరాదు, పని చేయరాదు, బయట అడుగు పెట్టరాదు, వినోదం కూడదు. విమానాశ్రయం మూసివేస్తారు. 2018నుండి మొబైళ్ళలో ఇంటర్నెట్టు కూడ ఆపివేస్తున్నారు. హిందువులకే కాదు, ఏ మతంవారికైనా, ఏ దేశపు దొరకైనా అదే నియమం. గళ్ళ గుడ్డ కట్టుకొన్న పెచలాంగులు వీధులలో కాపలా తిరుగుతారు. బావ హోటలులో బస చేసినవారికి వండిపెట్టాలి గనుక ముందురోజే వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో నేను, చెల్లెలు, పిల్ల.

పొయ్యి వెలిగించని ఉగాది ఎట్లా చేస్తామని నాకు బెంగ. పులిహోర ముందురోజే కలిపి పెట్టింది. "పచ్చడికి పొయ్యి అక్కరలేదు గదా అన్నయ్యా" అని నవ్వింది. నిజమే, నాకు తోచనే లేదు. చింతపండు అక్కడిదే. బెల్లానికి బదులు తాటిబెల్లంవంటి గులా. ఆ రోజులలో మామిడికాయ దొరకలేదు, పుల్లని బిలింబికాయలు తరిగి వేసింది. వేపపువ్వు కోసం ఎక్కడికి పోతామంటే, పెరటి గోడ పక్కన చెట్టు చూపించింది. పువ్వు లేదు. లేత చిగురు కోసి వేసింది. వేపను బాలి భాషలో ఇంతరాన్ అంటారు. సానూరులో ఒక ఆచార గ్రామం పేరే ఇంతరాన్. మనవాళ్ళు లేని ఊళ్ళో కూడ మన చేదు మాత్రం ఉన్నదని ఇద్దరమూ నవ్వుకొన్నాము, గట్టిగా నవ్వరాదు గనుక మెల్లగా.

చీకటి పడ్డది. దీపం లేదు. ద్వీపమంతటా ఒక్క దీపం లేదు. కిటికీకి దుప్పటి కట్టి, వాకిట్లో చాప వేసుకొని కూర్చున్నాము. అన్ని నక్షత్రాలను నేను చిన్నప్పుడు కూడ చూడలేదు. పిల్ల నిద్రపోయింది. అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. అమ్మ మాట చెప్పాను. భువనేశ్వరం ఉద్యోగం చెప్పాను. ఇక్కడ ఏమున్నది నీకు, ఒక కాగితం తప్ప, అన్నాను.

చాలసేపు మాట్లాడలేదు. తరువాత గుసగుసగా అన్నది. "అన్నయ్యా, కాగితం ఏడాదిదే. అది నాకు తెలుసు. రేపు ఆయన పని పోతే మూట కట్టుకొని రావలసిందే. ఐదేళ్ళు వీళ్ళు నన్ను నవ్వుతూ పలకరించారు, తిండి పెట్టారు, బిడ్డకు నీళ్ళుపోశారు. చుట్టాన్ని చూసినట్లు చూశారు. చుట్టానికి ఎవరూ పని చెప్పరు గదా. మొన్ననే మొదటిసారి ఒక గుడ్డ నా చేతిలో పెట్టి కుట్టమన్నారు. నాకు పని చెప్పింది ఇప్పుడు. ఇప్పుడు లేచి రమ్మంటావా?"

నావద్ద సమాధానం లేదు. అంతలో వీధిలో పెచలాంగు టార్చి కాంతి మా గోడమీద పడి, ఒక క్షణం ఆగి, ముందుకు పోయింది. మా ఇంట్లో దీపం లేదని చూసుకొని పోయాడు. ఊరందరికీ ఉన్న ఆజ్ఞే మాకూ ఉన్నది. ఆ రాత్రి అది ఎంతో మర్యాదగా తోచింది.

నేను ఒంటరిగా తిరిగివచ్చాను. స్టేషనులో దిగి ఇంటికి పోతూ ఉంటే కాళ్ళు సాగలేదు, అమ్మకు ఏమి చెప్పాలని. చెప్పవలసిందంతా చెప్పాను. గుడ్డ సంగతి కూడ చెప్పాను. అమ్మ విని, చాటలో బియ్యం ఏరుతూ ఉన్నదల్లా చేయి ఆపింది. "నేను పలాసనుండి ఈ ఊరికి కాపురానికి వచ్చినప్పుడు నన్ను తెలింగావాళ్ళ కోడలు అనేవారు. పండుగలకు పిలిచేవారు, పీట వేసేవారు. పన్నెండో ఏట రజ పండుగకు పక్కింటి మావుసీ వచ్చి, పొడపిఠాకు పిండి రుబ్బిపెట్టమ్మా, నా చేయి నొప్పి అన్నది. ఆనాడే ఈ ఊరు నాదయింది. దానికి ఐదేళ్ళలోనే అయింది, అదృష్టవంతురాలు" అన్నది. మళ్ళీ తీసుకురమ్మని ఆ తరువాత ఒక్కసారీ అనలేదు.

బాలి స్వర్గమని నేను చెప్పను. వరిపొలాలు పోయి విల్లాలు లేస్తున్నవి. రోడ్లమీద స్కూటరు కదలదు. వానాకాలంలో సముద్రం ఒడ్డుకు చెత్తను తెచ్చి పోస్తుంది. యాత్రికుల ఆగడాలు భరించలేక 2023 మే చివర గవర్నరు వారికి చేయదగినవి, చేయరానివి జాబితా వేసి ఇవ్వవలసి వచ్చింది. మా చెల్లెలి కాగితం ఇప్పటికీ ఏడాదిదే. పిల్ల చదువు ఎక్కడ అనే ప్రశ్న ఇంకా అట్లాగే ఉన్నది. ఏదో ఒకనాడు వారు తిరిగి రావచ్చు. వస్తే ఆ ఊరు విడిచి వచ్చే దుఃఖం వారికి ఉంటుంది. అట్లా దుఃఖపడడానికి ఒక ఊరు ఉండడం కూడ భాగ్యమే అని నాకు ఇప్పుడు తోస్తున్నది.

ఇక మన మాట. మనకు ఇక్కడ ఏ కాగితమూ అక్కరలేదు. మనం పౌరులం, ఓటున్నది, ఇళ్ళున్నవి, మూడు నాలుగు తరాలు గడిచినవి. అయినా మనలో మనం కూర్చుంటే ఇంకా ఇక్కడివారు మనల్ని పరాయిగా చూస్తారని అనుకొంటూ ఉంటాము. నేనూ అన్నాను. బాలినుండి వచ్చిన తరువాత ఆ మాట అనబోయి నాలుక కరుచుకొంటున్నాను. 2019 మే 3న ఫణి తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, మన వీధిలో ఒకే బోరింగు పంపు దగ్గర తెలుగు బిందె, ఓడియా బిందె అని ఎవరైనా అడిగారా? విరిగిన చెట్టును ఇద్దరూ చెరొక చివర పట్టి లాగలేదా? ఆ వారంరోజులు మనం ఎవరికీ అతిథులం కాము. కరెంటు వచ్చిన తరువాత మళ్ళీ ఎవరి ఇళ్ళలోకి వారు పోయాము.

ఇంకొక సంగతి. మన కాలనీలోకి ఇప్పుడు బీహారునుండి, ఝార్ఖండునుండి, కేరళనుండి కొత్త కుటుంబాలు బదిలీమీద వస్తున్నవి. ఉగాదికి వారిని పిలుస్తాము. ముందువరసలో కుర్చీ వేస్తాము, పచ్చడి పెడతాము, నమస్కారం పెట్టి పంపుతాము. అంటే వారిని తమియులుగానే ఉంచుతున్నాము. ఈసారి మామిడాకులు గుచ్చే దారం వారి చేతికి ఇద్దాము. బెల్లం తరగమందాము. అట్లాగే మన పక్కింటి మావుసీ ఇంట్లో పండుగ వస్తే పిలుపు కోసం చూడకుండా, నేనేమి చేయాలి అని అడుగుదాము. కాదని కుర్చీ వేస్తే కూర్చుందాము. మరుసటి ఏడు మళ్ళీ అడుగుదాము. మా అమ్మకు పన్నెండేండ్లు పట్టింది.

బాలిలో దేశమంటే ఊరు అని చెప్పాను గదా. ఈ ఖుర్దారోడ్డే మనకు ఆ దేశం. కార్తిక పౌర్ణమినాడు మనం వదిలే అరటి డొప్ప పడవ బాలికి చేరదు, చెరువు అవతలి గట్టుకు చేరుతుంది. అక్కడ ఎవరో ఒక ఓడియా పిల్లవాడు దాన్ని అందుకొని, ఆరిపోయిన దీపం వెలిగించి మళ్ళీ వదులుతాడు. ఏటా చూస్తున్నాను.